మోటారు ఎవరు ఆపారు?

వెలిగుంటపాడు,
12 నవంబరు 2024

మామయ్యకి,

నీ ఉత్తరం అందింది. పిల్లల్ని మాట్లాడించాలంటే వ్యాకరణం పక్కన పెట్టి రోజుకి ఐదు నిమిషాల ఆట ఒకటి ఆడించమన్నావు కదా. ఆడించాను. ఏం జరిగిందో చెబుతాను, గుండె దిటవు చేసుకుని చదువు.

నువ్వు చెప్పిన తువ్వాలు ఆటే. తలా ఒక వస్తువు ఇంటి నుంచి తెమ్మన్నాను. పది వస్తువులు బల్ల మీద పరిచి, అర నిమిషం చూపించి, తువ్వాలు కప్పేసి, ఏమేం చూశారో ఇంగ్లీషులో చెప్పమనాలి. దువ్వెన వచ్చింది, గరిటె వచ్చింది, తాళంచెవి, పత్తికాయ, ఏవేవో వచ్చాయి. పదోది కమలాపండంత ఉండ, చుట్టూ పురికొస బిగించి చుట్టి ఉంది. నేను దాన్ని చేత్తో ఎగరేసి పట్టుకుంటూ "ఇదేమిటి?" అని అడిగాను. తొమ్మిదో తరగతి ఇరవై తొమ్మిది మందీ బెంచీల కిందికి దూరారు. వరండాలో ఉన్న అటెండరు ఖాజావలి పరుగెత్తుకొచ్చి, దాన్ని రెండు చేతులతో అందుకుని తీసుకెళ్లి నీళ్ల బకెట్లో ముంచాడు. నాటుబాంబు. "మేడం గారూ, ఈ ఊళ్లో గుండ్రంగా ఉన్నదాన్ని దేన్నీ ఎగరెయ్యమాకండి" అన్నాడు.

ఈ ఊరి సంగతి నీకు పూర్తిగా రాయలేదు. రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో, మిరపకాయలు ఆరబోసిన కల్లంలో, పట్టపగలు, బుల్లయ్య అనే రైతుని కొడవలితో మెడ మీద నాలుగు వేట్లు వేసి చంపారు. అతని దగ్గర పనిచేసే ఆదాం చంపాడని కేసు. ఆదాం అప్పట్నుంచీ జైల్లోనే ఉన్నాడు. బుల్లయ్య కూతురు లక్ష్మీదుర్గ, ఆదాం కూతురు హారిక ఇద్దరూ నా తొమ్మిదో తరగతే. ఒకరు కిటికీ వైపు, ఒకరు తలుపు వైపు. క్లాసంతా ఈ ఇద్దరి వెనకా రెండుగా చీలి కూచుంటుంది. ఇటువాళ్లు అడిగితే అటువాళ్లు జవాబివ్వరు. తెలుగులోనే పెదవి విప్పనివాళ్లకి ఇంగ్లీషు నేర్పమని గవర్నమెంటు నన్ను ఇక్కడికి పంపింది.

ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. నీకు వినపడేలా అరిస్తే మా హెడ్మాస్టరు గారికీ వినపడుతుంది. వస్తువులు అక్కర్లేని ఆట ఏదైనా ఉంటే రాయి. అత్తయ్యకి బాంబు సంగతి చెప్పకు.

నీ మేనకోడలు,
సుధ


చిలకలూరిపేట,
18 నవంబరు 2024

చిరంజీవి సుధకి,

నీ ఉత్తరం మీ అత్తయ్యే ముందు చదివింది. ఉద్యోగం మానేసి రమ్మంటోంది. జ్ఞానప్రసూనాంబ అని పేరు పెట్టిన పుణ్యాత్ములెవరో గానీ, ఈవిడకి జ్ఞానం కంటే భయం పాలెక్కువ. నేను మానెయ్యమనను. జాగ్రత్తగా ఉండమంటాను.

ఒక మాట ఎప్పుడూ చెప్పలేదు నీకు. సర్వీసులో మొదటి పదేళ్లు నేను బెత్తంతోనే ఇంగ్లీషు చెప్పాను. శ్రీకృష్ణ అని ఒక విద్యార్థి పాఠం అప్పజెప్పలేకపోతే మణికట్టు మీద కొట్టాను. ఎముక విరిగింది. అప్పటికి నా చెవులు శుభ్రంగా పనిచేసేవి, ఆ చప్పుడు విన్నాను. మర్నాడు బెత్తం తీసుకెళ్లి పొయ్యిలో పెట్టాను. ఈ ఆటలన్నీ పట్టుకున్నది ఆ తర్వాతే. వాడిప్పుడు మా ఊళ్లో పేరు మోసిన క్రిమినల్ లాయరు. ఎడమచేత్తో రాస్తాడు. కనబడితే వంగి కాళ్లకి దణ్ణం పెడతాడు, పెట్టినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుంటుంది.

సరే, ఆట. ఇద్దరు పిల్లల్ని బయటికి పంపు. శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఎక్కడున్నారో ఇద్దరూ కలిసి ఒక కథ అల్లుకోవాలి. క్లాసంతా పోలీసులు. ఒక్కొక్కరినీ విడివిడిగా లోపలికి పిలిచి ఇంగ్లీషులో ప్రశ్నలు వెయ్యాలి. ఇద్దరి జవాబులూ కలవకపోతే దొరికినట్టే.

ఇందులో కిటుకు చెబుతాను విను. పెద్ద ప్రశ్నలకి ఎవరైనా సిద్ధపడే వస్తారు. చిన్నవి అడిగించు. సినిమాకెళ్లామంటే సినిమా పేరు అడక్కూడదు. కుడిపక్క ఎవరు కూచున్నారు, మధ్యలో ఏం తిన్నారు, బయటికొచ్చేసరికి ఎండగా ఉందా, అని అడగాలి. పాతికేళ్లలో ఈ ఆటలో దొరకని పిల్ల నాకు తగల్లేదు.

ఆశీస్సులతో,
శేషాచలం మామయ్య


వెలిగుంటపాడు,
2 డిసెంబరు 2024

మామయ్యకి,

ఆట పారింది. ఈ ఊరి పిల్లలకి పోలీసు ప్రశ్నలు ఎవరూ నేర్పక్కర్లేదు. కళ్లెర్రజేసి, బల్ల మీద గుద్ది మరీ అడుగుతున్నారు. ఇంగ్లీషు తప్పులతడకే గానీ, మాట్లాడుతున్నారు.

కానీ నాకు మనసు బాగాలేదు. మొన్న లక్ష్మీదుర్గ, షాజాదీ జట్టుగా వెళ్లారు. గాజులు కొనడానికి సత్తెనపల్లి వెళ్లామని కథ అల్లుకున్నారట. లక్ష్మీదుర్గ లోపలికి వచ్చింది. "శనివారం నాలుగింటికి ఎక్కడున్నావు?" అని ఎవరో అడిగారు. ఆ అమ్మాయి చేతులు కట్టుకుని, ఎదుటి గోడవైపు చూస్తూ, తెలుగులో మొదలుపెట్టింది. "నేను మోటారు దగ్గర నీళ్లు తాగుతున్నాను. ఆదాం పత్తిచేను వైపు నుంచి వచ్చాడు. అతని కుడిచేతిలో కొడవలి ఉంది." అలా చివరిదాకా. గాజులూ లేవు, సత్తెనపల్లీ లేదు. హారిక తల వంచుకుని బల్లని గోటితో గీకుతూ ఉండిపోయింది.

తర్వాత పక్కకి పిలిచి మెల్లగా అడిగాను. అవే మాటలు. ఇంకో రోజు అడిగాను. ఒక్క అక్షరం తేడా లేదు, ఊపిరి తీసుకునే చోటు కూడా అదే. కళ్ల ముందు తండ్రిని నరికితే చూసిన పిల్ల అలా చెబుతుందా మామయ్యా? నాకు అన్నం సయించడం లేదు.

సుధ


చిలకలూరిపేట,
7 డిసెంబరు 2024

చిరంజీవి సుధకి,

పిచ్చిదానా, చెబుతుంది. నిజం చెప్పేవాళ్లకి మాట మారదు, అబద్ధాలకోర్లకే మారుతుంది. తండ్రి చావు గుండెలో అచ్చు పడిపోయింది, పాపం. నువ్వు దిగులు పడాల్సింది పోయి సంతోషించు. అలాంటి ధారణ ఉన్న పిల్ల దొరకడం టీచరు అదృష్టం. మా ఊళ్లో జనవరిలో ఇంగ్లీషు వక్తృత్వ పోటీ ఉంది, తీసుకురా. వాకింగులో అందరికీ చెప్పాను, నా ఆట వల్ల ఒక రత్నం బయటపడిందని.

ఇంకో సలహా. ఆ హారికని పోలీసుగా నిలబెట్టు. బయట ఒకరి మొహం ఒకరు చూసుకోని పిల్లలు ఆటలోనైనా మాట్లాడుకుంటారు. చిన్న ప్రశ్నలే అడగమను.

శేషాచలం మామయ్య


వెలిగుంటపాడు,
16 డిసెంబరు 2024

మామయ్యకి,

ఇది చదివి చింపెయ్యి. అత్తయ్యకి కూడా చూపించకు.

నువ్వు చెప్పినట్టే హారికని నిలబెట్టాను. లక్ష్మీదుర్గ మళ్లీ అదే పాఠం, మోటారు, పత్తిచేను, కొడవలి, చివర్లో ఆగిపోయిన మోటారు. హారిక అంతా విన్నది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. కూడబలుక్కుంటూ, ఇంగ్లీషులో, ఒకే ప్రశ్న వేసింది. "మోటారు ఎవరు ఆపారు?"

లక్ష్మీదుర్గ గబుక్కున "బాబాయి" అంది.

అని, రెండు చేతులతో నోరు మూసుకుంది. వేళ్ల సందుల్లోంచి వాంతి వచ్చేసింది. హారిక వైపు వాళ్లు ఆటలో దొరికిపోయిందని చప్పట్లు కొట్టారు.

బాబాయి అంటే వీరబాబు, బుల్లయ్య తమ్ముడు. హత్య వేళకి తాను కల్లం దగ్గరే లేనని, సత్తెనపల్లిలో కాయలు అమ్ముతున్నానని పోలీసులకి చెప్పినవాడు. అన్న ఎనిమిదెకరాలూ ఇప్పుడు అతనే చేస్తున్నాడు. వదిన వెంకటరావమ్మ, ఈ పిల్ల, అతని పంచనే ఉన్నారు.

మొహం కడగడానికి తీసుకెళ్లి చేతులు పైకి మడిచాను. మోచేతి పైన వాతలు. లెక్కపెట్టాను, పదకొండు. కోర్టులో చెప్పాల్సింది బాబాయి రోజూ అప్పజెప్పించుకుంటాడట. ఒక మాట తప్పితే అట్లకాడ కాల్చి ఒక వాత. తల్లి ఇంట్లోనే ఉంటుంది, అడ్డుపడదు. పిల్ల తడబడితే మొగుణ్ణి చంపినవాడు బయటికొస్తాడని ఆమె భయం. ఆమెకి అసలు సంగతి తెలియదు. నేను ఆటలూ పాటలూ అంటూ ఆరు నెలల్లో ఆరు వాక్యాలు నేర్పలేకపోయాను, అతను అట్లకాడతో మూడు పేజీలు నేర్పాడు. వాడి చేతులు నరకాలనిపించింది. నాకు అలాంటి ఆలోచన రావడం ఇదే మొదటిసారి.

ఫిబ్రవరిలో ఆ పిల్ల సాక్ష్యం. ఇప్పుడు బయటపెడితే పిల్లని బతకనివ్వరు. నోరు మూసుకుంటే ఆదాంకి యావజ్జీవం. మీ శ్రీకృష్ణ గారిని అడుగు, నేనేం చెయ్యాలో. ఆయన చెవిలో చెప్పు. మూడో మనిషికి తెలియకూడదు. అమ్మ పోయాక నాకున్న పెద్దదిక్కువి నువ్వే.

సుధ


చిలకలూరిపేట,
20 డిసెంబరు 2024

చిరంజీవి సుధకి,

నీ పని చక్కబెట్టాను. శ్రీకృష్ణ కోర్టు క్యాంటీన్లో దొరికాడు. వాడి చెవికి నోరు ఆనించి, గుసగుసగా, మొత్తం చెప్పాను. నా గొంతు నాకే వినపడలేదంటే ఎంత నెమ్మదిగా చెప్పానో ఊహించుకో. వాడు మధ్యలో నా నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయాడు. తుంపర్లు పడుతున్నాయి కాబోలనుకుని, తువ్వాలు అడ్డం పెట్టుకుని మిగతాది పూర్తిచేశాను. టీ తాగేవాళ్లంతా గ్లాసులు పట్టుకుని మా చుట్టూ చేరారు. వాడికి ఈ ఊళ్లో ఉన్న పేరు అలాంటిది.

శ్రీకృష్ణ కాగితం మీద రాసి చూపించాడు. ఆదాం తరఫున తనే పైసా తీసుకోకుండా నిలబడతాడట. మోటారు ప్రశ్న కోర్టులో వేస్తాడట. వాతల సంగతి పిల్లల సంరక్షణ అధికారికి ఇవాళే రాస్తాడట. చివర పెద్ద అక్షరాలతో "సుధ గారిని ఇవాళే ఆ ఊరు వదిలి రమ్మనండి" అని రాశాడు. వాడికి మొదట్నుంచీ కంగారెక్కువ. పరీక్షల ముందు టీచరు క్లాసు వదిలి ఎలా వస్తుంది? నువ్వు నీ పని చేసుకో. గుట్టుగా జరిగిపోయింది.

శేషాచలం మామయ్య


గుంటూరు, ఆసుపత్రి,
3 జనవరి 2025

మామయ్యకి,

ఈ ఉత్తరం నేను చెబుతుంటే హారిక రాస్తోంది. నా కుడిచెయ్యి రెండు చోట్ల విరిగింది. కళ్లకి కట్లు ఉన్నాయి.

సోమవారం మూడో పీరియడ్లో వీరబాబు, ఇంకో ముగ్గురు రెండు బళ్ల మీద వచ్చారు. తలుపు దగ్గర ఖాజావలి అడ్డం నిలబడితే ఇనప పైపుతో తల మీద కొట్టారు. పన్నెండు కుట్లు పడ్డాయట. పిల్లల ముందే నన్ను జుట్టు పట్టుకుని వరండాలోకి ఈడ్చారు. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, అందుకే చెయ్యి విరిగింది, లేకపోతే తలే పగిలేది. వాళ్ల వెనకే వెంకటరావమ్మ వచ్చింది. కొంగులో కొత్తకారం మూట. "నా మొగుణ్ణి నరికినోణ్ణి ఇడిపించటానికా నీ ఇంగిలీసు?" అంటూ పిడికెడు కారం తీసి నా కళ్లలో కొట్టి, అరచేత్తో రుద్దింది. కుడికన్ను వస్తుందంటున్నారు డాక్టర్లు. ఎడమకన్ను రాదు.

వాళ్లకి ఎలా తెలిసిందో కూడా వీరబాబే చెప్పాడు. "కోర్టు క్యాంటీన్లో మీ ముసలోడు మైకు పెట్టినట్టు అరిచాడు గదే. మావాళ్లు వాయిదాకొచ్చి అక్కడ టీ తాగుతానే విన్నారు" అన్నాడు. ఆ రాత్రికే స్టేషన్ బెయిలు మీద ఇంటికెళ్లిపోయాడు.

నీకు వినపడదు, అది నీ తప్పు కాదు. వినపడదని నీకు తెలుసు. కాగితం మీద రాసి ఇస్తే పోయేది. లాయరు నన్ను ఊరు వదిలి రమ్మన్నాడని రాసింది నువ్వే, ఆయనకి కంగారెక్కువ అని కొట్టిపారేసిందీ నువ్వే. అత్తయ్య వచ్చి కూచుంది. నువ్వు రావద్దు. హారిక వాళ్లమ్మ నాకు అన్నం తినిపిస్తోంది.

సుధ

తాతగారికి హారిక రాయునది. టీచరు గారు చెప్పినవి అన్నీ రాశాను. ముసలోడు అన్న మాట రాయొద్దు అనుకున్నాను గానీ టీచరు గారు రాయమన్నారు. లక్ష్మీదుర్గని బడి మాన్పించారు. ఇంట్లో పెట్టి తాళం వేశారంట. ఆ ప్రశ్న నేను అడగకుండా ఉండాల్సింది.


చిలకలూరిపేట,
12 ఫిబ్రవరి 2025

సుధకి,

ఆశీస్సులని రాయడానికి నాకు మొహం లేదు. నలభై రోజుల్లో నీకు ఏడు ఉత్తరాలు రాసి ఏడూ చింపాను. తప్పు నా చెవిటితనానిది కాదు, నా గొప్పలది. నా ఆట, నా కిటుకు, నా శిష్యుడు అని నలుగురికీ చెప్పుకోవాలనే తపన. నీ కన్ను నేనే తీశాను. క్షమించమని అడగను. నిన్న కోర్టులో జరిగింది నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

శ్రీకృష్ణ జూనియరు నా పక్కన కూచుని ప్రతి మాటా కాగితం మీద రాసి ఇచ్చాడు. వీరబాబు ముందు రోజే సాక్ష్యం చెప్పేశాడు కాబట్టి హాల్లోనే కూచున్నాడు, వెంకటరావమ్మ వాడి వెనక. లక్ష్మీదుర్గని బోనెక్కించారు. చేతులు కట్టుకుని, గోడ చూస్తూ, అంతా అప్పజెప్పింది. శ్రీకృష్ణ లేచి మన ప్రశ్న వేశాడు. "మోటారు ఎవరు ఆపారమ్మా?" పిల్ల తడుముకోకుండా "కరెంటు పోయింది, అదే ఆగింది" అంది. ఆ ఒక్క కన్నమూ వాళ్లు పూడ్చేశారు. పూడ్చుకొమ్మని క్యాంటీన్లో చాటింపు వేసింది నేనే కదా. శ్రీకృష్ణ కాగితాలు సర్దుకున్నాడు. ముద్దాయి బోనులో ఆదాం తల దించేశాడు.

జడ్జి గారు, ఆవిడ, "ఇంకేమైనా చెబుతావా అమ్మా" అని మామూలుగా అడిగారు. పిల్ల ఇంగ్లీషులో చెప్పవచ్చా అని అడిగింది. ఆవిడ నవ్వి, చెప్పమన్నారు. వీరబాబు పక్కవాడి తొడ మీద చరిచి ఏదో అన్నాడు. మా పిల్ల ఇంగ్లీషు చూడు అన్నాడట.

ఆ కాగితం నా ముందుంది. ఇంగ్లీషు ముక్కల్ని తెలుగులో రాస్తున్నాను. "నాన్న కాయలు తిరగేస్తున్నాడు. బాబాయి వెనక నుంచి వచ్చాడు. కొట్టాడు. నాన్న పడ్డాడు. బాబాయి నాన్న గుండెల మీద కూచున్నాడు. మళ్లీ కొట్టాడు. మళ్లీ. మళ్లీ. మోటారు కింద చేతులు కడిగాడు. మోటారు ఆపాడు. పోయాడు. ఆదాం తర్వాత వచ్చాడు. చొక్కా విప్పి నాన్న మెడకి కట్టాడు. ఆదాం ఏడ్చాడు." వాక్యానికొక తప్పుంది. నేను ఒక్కటీ దిద్దలేదు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ, ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాని వీరబాబు మీసం దువ్వుకుంటూ తలాడిస్తూనే ఉన్నాడు. జడ్జి గారు చెప్పించిందే రెండుసార్లు చెప్పించారు. తర్వాత సాక్షికి వినిపించాలి కాబట్టి క్లర్కు దాన్ని తెలుగులో చదివాడు. రెండో వాక్యానికే వెంకటరావమ్మ లేచింది. బెంచీ మీంచి వీరబాబు మీద పడి చెవి కొరికింది. కండ ఊడొచ్చి నోట్లో ఉండిపోయింది. ముగ్గురు కానిస్టేబుళ్లు లాగినా వదల్లేదు, బొటనవేళ్లు వాడి కళ్లలో పెట్టి నొక్కుతోంది. నాకు చప్పుడేమీ వినపడలేదు. వాడి నోరు తెరుచుకోవడం, నేల మీద రక్తం కనబడ్డాయి. పిల్ల మాత్రం బోనులో కదలకుండా నిలబడే ఉంది.

వీరబాబుని అక్కడే అదుపులోకి తీసుకున్నారు. ఆదాంకి బెయిలిచ్చారు, తీర్పు ఇంకా రావాలి. ఇన్నాళ్లూ కదలని పిల్లల సంరక్షణ అధికారి ఇప్పుడొచ్చి లక్ష్మీదుర్గని ప్రభుత్వ హోముకి పంపాడు. ఇంగ్లీషులో ఎందుకు చెప్పావని శ్రీకృష్ణ అడిగాడట. "తెలుగులో నోరు తెరిస్తే ఆ ఒక్కటే వస్తదండీ" అందట.

నీ మామయ్య


గుంటూరు, ఆసుపత్రి,
22 ఫిబ్రవరి 2025

మామయ్యకి,

ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు చూసి నవ్వకు. నీ మీద కోపం పోలేదు. పోయిందని రాస్తే అబద్ధం. అయినా నిన్ను చూడాలనిపిస్తోంది. రా.

ఆదాం నిన్న హారికని తీసుకుని వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు, ఎంత చెప్పినా కుర్చీలో కూచోలేదు. మనిషి బాగా చిక్కిపోయాడు. సంతోషపడ్డాను. ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను, కానీ నీకు దాచి ఏం లాభం.

ఇవాళ పొద్దున వెంకటరావమ్మ, బెయిలు మీద బయటికొచ్చి, నేరుగా ఇక్కడికే వచ్చింది. మంచం పక్కన నేల మీద కూచుని, కాలి చెప్పు తీసి నా చేతిలో పెట్టింది. "కొట్టండి టీచరు గారూ, మీ కన్ను తీసిన ముండని" అంది. వద్దన్నాను. చెప్పు కింద పడేశాను. ఆమె ఊరుకోలేదు. "నా పాపం మీకు తెలవదు. ఆడు పిల్లకి వాతలు పెట్టేటప్పుడు అట్లకాడ కాల్చి చేతికిచ్చింది నేనే. పిల్ల అరుస్తదని నోట్లో గుడ్డ కుక్కింది కూడా నేనే" అంది.

కొట్టాను మామయ్యా. ఉన్న ఒక్క చేత్తో, బలంకొద్దీ, చెంప మీద. ఆమె పెదవి చిట్లి రక్తం వచ్చింది. మళ్లీ కొట్టాను. నువ్వు బెత్తం కాల్చేసి ఆటలు పట్టుకున్నావు, నేను ఆటలతో మొదలుపెట్టి ఇక్కడికి వచ్చాను. కొడుతున్నప్పుడు నాకు హాయిగా ఉంది. అది కూడా రాస్తున్నాను.

వాతలకి మందు రాయించడానికి హోము మేడం లక్ష్మీదుర్గని ఈ ఆసుపత్రికే తీసుకొచ్చిందట. నన్ను చూపిద్దామని నా గదికి తెచ్చింది. తలుపు దగ్గర ఎప్పుడు వచ్చి నిలబడిందో నేను చూడలేదు. అది నాకు కన్ను లేని వైపు.

మాటలు వినపడి తల తిప్పాను. చేతులు కట్టుకుని, గోడవైపు చూస్తూ, తెలుగులో మొదలుపెట్టింది. "నేను మోటారు దగ్గర నీళ్లు తాగుతున్నాను. ఆదాం పత్తిచేను వైపు నుంచి వచ్చాడు." నేను పేరు పెట్టి పిలిచాను. వాళ్లమ్మ కాళ్లు పట్టుకుని "వద్దు తల్లీ, అయిపోయింది, ఇంక చెప్పమాక" అంటోంది. ఆగలేదు. మూడు పేజీలూ చివరిదాకా చెప్పింది. చెప్పి, చొక్కా చేతులు తనే పైకి మడుచుకుని, తప్పెక్కడైనా పోయిందా అని నా మొహంలోకి చూసింది.

సుధ